ఐదో పుస్తకంపై పాఠకుల అలక: ఏది న్యాయం, ఏది కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇంగ్లీషు హాస్యరచయిత డగ్లస్ ఆడమ్స్ రాసిన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ పుస్తకాల వరుస గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వెలువడిన వ్యాసాన్ని, దాని మీద ఆ తరువాతి వారాల్లో మీరు అచ్చువేసిన పాఠకుల ఉత్తరాలను శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త మొదటి నాలుగు భాగాలను మనసారా మెచ్చుకుని, 1992లో వచ్చిన ఐదవ భాగం ‘మోస్ట్‌లీ హార్మ్‌లెస్’ దగ్గరకు వచ్చేసరికి అది రచయిత తన పాఠకులకు చేసిన ద్రోహమని తేల్చి, కొత్తగా చదవబోయేవారు నాలుగో పుస్తకంతో ఆగిపోవడం మంచిదని సలహా ఇచ్చారు. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ఆ మాటనే బలపరిచారు. ఇద్దరు ముగ్గురు మాత్రం రచయిత ఏది రాస్తే అది చదవడమే పాఠకుడి పని అని, నచ్చకపోతే పుస్తకం మూసేయాలే తప్ప నిలదీయకూడదని కోప్పడ్డారు. ఈ పుస్తకాలను ముప్పై ఏళ్లుగా మళ్లీ మళ్లీ చదువుతున్న మనిషిగా నాకు వ్యాసకర్త సలహా తప్పని తోచింది, అయితే పాఠకుల అలకలో ఒక భాగం మాత్రం పూర్తిగా న్యాయమని కూడా తోచింది. ఆ భాగం ఏదో ఉత్తరాల్లో ఎవరూ విడదీసి చెప్పలేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ముగింపు ఏమిటో మీ వ్యాసంలోనే వెల్లడైంది కాబట్టి నేనూ దాన్ని దాచడం లేదు.

పుస్తకాలు చదవనివారి కోసం కొద్దిగా చెప్పాలి. ఈ కథ మొదట పుస్తకం కాదు, రేడియో నాటకం. 1978 మార్చి 8న, బుధవారం రాత్రి పదిన్నరకు, బీబీసీ రేడియో 4లో పెద్దగా ప్రచారమేమీ లేకుండా మొదలై, విన్నవాళ్లు మరొకరికి చెప్పడం వల్ల ఇంగ్లండంతా పాకింది. మరుసటి ఏడు, అంటే 1979లో, మొదటి పుస్తకం వచ్చింది. ఆ తరువాత 1980లో, 1982లో, 1984లో ఒక్కొక్క భాగం వచ్చి, ఎనిమిదేళ్ల విరామం తరువాత ఐదవది వచ్చింది. మూడు భాగాలుగా మొదలైన ‘త్రయం’ ఐదుకు చేరినా దాన్ని త్రయమనే పిలవడం ఆ పుస్తకాల అట్టల మీదనే ఒక హాస్యంగా నిలిచిపోయింది. కథానాయకుడు ఆర్థర్ డెంట్ సాదాసీదా ఇంగ్లీషు మనిషి. ఒక గురువారం ఉదయం ఇంకా నైట్ గౌనులో ఉండగానే, బైపాస్ రోడ్డు కోసం అతని ఇల్లు కూల్చడానికి బుల్‌డోజర్లు వస్తాయి. అదే రోజు, అంతరిక్షంలో ఇంకో బైపాస్ కోసం, వోగాన్లు అనే గ్రహాంతర అధికారులు భూమినే కూల్చేస్తారు. ఇంటి విషయంలో ప్లాను మీ ఊరి కార్యాలయంలోనే ఉంచాం కదా అంటారు, తీరా చూస్తే అది నేలమాళిగలో, వాడకంలో లేని మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువా అడుగున ఉంటుంది. భూమి విషయంలో నోటీసు యాభై ఏళ్లుగా ఆల్ఫా సెంటారీ అనే నక్షత్రం దగ్గర అతికించే ఉందంటారు. రోడ్డు వెడల్పు కోసం ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గీతలు పడుతుంటే చూసిన మన పట్టణాల వాళ్లకు ఈ సన్నివేశాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

వ్యాసకర్త ప్రధాన ఆరోపణ ఇది: నవ్వించే పుస్తకాల వరుసలో చివరి భాగం భూమిని, మనం ప్రేమించిన మనుషులను కలిపి తుడిచిపెట్టి ముగిసింది, హాస్యం చదవడానికి వచ్చిన పాఠకుడికి అది తగని శిక్ష. ఐదవ పుస్తకంలో వోగాన్లు ఒక్క భూమినే కాదు, సాధ్యమైన అన్ని లోకాల్లో ఉన్న అన్ని భూములనూ నాశనం చేస్తారన్నది నిజమే. అయితే ఆయన ఒక సంగతి మరచారు. మొదటి పుస్తకంలో మొదటి కొద్ది అధ్యాయాల్లోనే ఇద్దరు ముగ్గురు తప్ప మొత్తం మానవజాతి చనిపోతుంది. అప్పుడు మనం నవ్వాం. అంతటి మరణం మీద కట్టిన నవ్వునే పదమూడేళ్ల పాటు ఆనందించి, చివరి పుటల్లో ఆ మరణం మళ్లీ ఎదురైనప్పుడు మాత్రం మోసపోయామనడం సరికాదు. రచయిత మొదటి రోజు నుంచీ ఏ లోకాన్ని చూపుతున్నాడో, ఐదవ భాగంలోనూ అదే లోకాన్ని చూపాడు.

ఆ మొదటి పుస్తకంలోనే ఒక చోటు ఉంది, నవ్వు జోరులో చాలామంది దాన్ని దాటిపోతారు. భూమి పోయిందని ఆర్థర్‌కు తెలిసిన తరువాత అతడు ఆ నష్టాన్ని మనసులో పట్టుకోవడానికి ప్రయత్నిస్తాడు. తల్లిదండ్రులు లేరనుకుంటాడు, చెల్లెలు లేదనుకుంటాడు, మనసు కదలదు. ఇంగ్లండు లేదనుకుంటాడు, అది ఊహకే అందదు. న్యూయార్కు లేదనుకుంటాడు, అలాంటి ఊరు ఉందని తాను ఎప్పుడూ గట్టిగా నమ్మనే లేదని గుర్తొస్తుంది. హంఫ్రీ బోగార్ట్ సినిమాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయనుకుంటాడు, కొంచెం కలుక్కుమంటుంది. ఇక మెక్‌డొనాల్డ్స్ హాంబర్గర్ అనేదే ఎక్కడా ఉండదని తోచగానే స్పృహ తప్పి పడిపోతాడు, క్షణం తరువాత తెలివి వచ్చేసరికి తన తల్లి కోసం వెక్కి వెక్కి ఏడుస్తూ ఉంటాడు. ఇంట్లో పెద్దదిక్కు పోయిన తరువాత పదిరోజులూ రాయిలా తిరిగిన మనిషి, పదకొండో రోజున గూట్లో కళ్లజోడు కనబడగానే కూలబడిపోవడం మనం చూసిందే. మా నాన్నగారు పోయినప్పుడు నాకు అదే జరిగింది. ఆ పేరా రాసిన మనిషికి దుఃఖం తెలియదని, ఐదవ పుస్తకంలో ఏదో చేదు మూడ్‌లో ఉండి పాఠకుల మీద కక్ష తీర్చుకున్నాడని అంటే నేను ఒప్పుకోలేను.

రెండవ ఆరోపణ, ముగింపు అప్పటికప్పుడు విసిరేసినట్టుగా ఉందని. దీన్ని మూడవ పుస్తకం చేతిలో పెట్టుకుని పరిశీలించమని మీ పాఠకులను కోరుతున్నాను. మొదటి పుస్తకంలో ఒక గ్రహం మీద ఆకాశంలో ఉన్నట్టుండి ఒక తిమింగలమూ, ఒక పెటూనియా పూలకుండీ పుట్టి కిందికి పడిపోతుంటాయి. పడిపోతూ ఆ పూలకుండీ అనుకున్నది ఒక్కటే: ‘అయ్యో, మళ్లీనా!’ ఆ మాట ఎందుకు అనుకుందో తెలిస్తే సృష్టి స్వభావం గురించి మనకు ఇంకెంతో తెలిసేదని అక్కడ రచయిత ఒక వాక్యం రాసి వదిలేస్తాడు. మనం నవ్వి ముందుకు వెళ్లిపోతాం. మూడేళ్ల తరువాత వచ్చిన మూడవ పుస్తకంలో ఆగ్రజాగ్ అనే జీవి ఆర్థర్‌ను పట్టుకుని నిలదీస్తుంది. తాను జన్మ తరువాత జన్మ ఎత్తుతున్నానని, ఈగగా, కుందేలుగా, ఏ రూపంలో పుట్టినా ప్రతిసారీ తెలిసో తెలియకో ఆర్థర్ చేతిలోనే చస్తున్నానని, ఆ పూలకుండీ కూడా తానేనని చెబుతుంది. పునర్జన్మ లెక్కలు వింటూ పెరిగిన మనకు ఈ ఘట్టం ఇంగ్లీషు పాఠకుడి కన్నా లోతుగా తగులుతుందని నా నమ్మకం. నవ్వుకుని మరచిపోయిన పూలకుండీ వెనుక అంత కడుపుమంట ఉందని తెలిశాక మొదటి పుస్తకాన్ని మళ్లీ అదే నవ్వుతో చదవలేం.

అదే ఘట్టంలో ఆగ్రజాగ్ నోట మరో మాట వస్తుంది. స్టావ్రోమ్యులా బీటా అనే చోట ఆర్థర్ తనను చంపాడని అది అంటుంది, ఆర్థర్ అక్కడికి ఎప్పుడూ వెళ్లనే లేదంటాడు. అంటే అది ఇంకా జరగవలసిన చావు. ఆ చోటికి వెళ్లేదాకా తనకు చావు లేదన్న ధైర్యంతో ఐదవ పుస్తకంలో ఆర్థర్ తిరుగుతుంటాడు. చివరికి లండన్‌లో ఒక క్లబ్బులో అతని కూతురు ర్యాండమ్ తుపాకీ పేలుస్తుంది, అతడు వంగి తప్పించుకుంటాడు, వెనకనున్న మనిషి చనిపోతాడు. ఆ క్లబ్బు యజమాని పేరు స్టావ్రో ముల్లర్ అని, క్లబ్బు పేరు ‘బీటా’ అని అప్పుడు తెలుస్తుంది. అది గ్రహం పేరు కాదు, తలుపు మీద పేరు. ఆ తలుపు నెంబరు నలభై రెండు, అంటే మొదటి పుస్తకంలో జీవితానికీ విశ్వానికీ సమస్తానికీ సమాధానంగా మహా కంప్యూటర్ చెప్పిన అంకె. 1982లో నాటిన విత్తు 1992లో మొలిచింది. ఇంత దూరం నుంచి తెచ్చి కలిపిన ముడిని తొందరలో వేసిన ముడి అనడం అన్యాయం. అప్పుడు ఆర్థర్ మనసులో కలిగేది భయం కాదు. ఎంతో శాంతి అతన్ని ఆవరించిందని, ఇక అంతా ఎప్పటికీ ముగిసిందని అతనికి తెలిసిందని రచయిత రాశాడు. పదమూడేళ్లుగా నిలువ నీడ లేక, ఒక్క మంచి టీ కప్పు కోసం గ్రహాలన్నీ వెతికిన మనిషికి ఆ శాంతి దక్కడాన్ని నేను క్రూరత్వంగా చదవలేకపోయాను.

నా వాదానికి బలమైన అడ్డు ఎవరి నుంచో కాదు, స్వయంగా ఆడమ్స్ నుంచే వస్తుంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. ఐదవ పుస్తకం చాలా నిరాశాపూరితంగా ఉందని పాఠకులు అన్నమాట సరైనదేనని ఆయన తరువాత ఒప్పుకున్నారు. ఆ సంవత్సరం తనకు వ్యక్తిగతంగా చాలా కష్టంగా గడిచిందని, ఆ నీడలోనే పుస్తకం రాయవలసి వచ్చిందని, ఐదు అనే సంఖ్య కన్నా ఆరు బాగుంటుంది కనుక ఇంకొంచెం వెలుగున్న ఆరవ భాగంతో ముగించాలని ఉందని చెప్పారు. ఆ ఆరవది రాయకుండానే 2001 మే 11న కాలిఫోర్నియాలో, 49 ఏళ్లకే, గుండె ఆగి చనిపోయారు. ఆయన కంప్యూటర్లలో మిగిలిన రాతలను 2002లో ‘ద సామన్ ఆఫ్ డౌట్’ పేరుతో వేశారు. అందులో వేరే వరుసకు చెందిన ఒక అసంపూర్ణ నవల ఉంది. దానిలోని ఊహలు కొన్ని హిచ్‌హైకర్ ఆరవ భాగానికే ఎక్కువ నప్పుతాయేమోనని ఆయన అనుకుంటూ ఉండేవారట. రచయితే విచారపడిన ముగింపును మీరెందుకు వెనకేసుకొస్తున్నారని నన్ను అడగవచ్చు. నా జవాబు ఇది: పుస్తకం చీకటిగా ఉందని ఆయన ఒప్పుకున్నారు, చీకటి అబద్ధమని ఆయన అన్నట్టు నేనెక్కడా చదవలేదు. కష్టకాలంలో రాసిన మాట కష్టకాలంలో ఉన్న పాఠకుడికి పనికొస్తుంది, నాకు పనికొచ్చింది.

ఇక పాఠకుల అలకలో న్యాయమైన భాగానికి వస్తాను. అది ఫెన్‌చర్చ్ అనే అమ్మాయి విషయం.

మొదటి పుస్తకం తెరవగానే, కథ మొదలు కాకముందే, ఒక చిన్న ముందుమాట ఉంటుంది. మనుషులందరూ దిగులుగా ఉన్న ఈ భూమి మీద, ఒక గురువారం నాడు, రిక్‌మన్స్‌వర్త్ అనే ఊరిలో ఒక చిన్న కాఫీ హోటల్లో ఒంటరిగా కూర్చున్న ఒక అమ్మాయికి ఇన్నాళ్లూ ఏం పొరపాటు జరుగుతోందో, లోకాన్ని మంచి చోటుగా ఎలా చేయవచ్చో ఒక్కసారిగా తట్టింది. ఈసారి అది నిజంగా కుదిరే దారి, క్రీస్తుకు జరిగినట్టు ఎవరినీ దేనికీ మేకులు కొట్టనక్కరలేని దారి. ఆమె ఫోను దగ్గరకు వెళ్లి ఎవరికైనా చెప్పేలోపే భూమి పోయింది, ఆ ఆలోచనా పోయింది. ఇది ఆమె కథ కాదు అని రచయిత అక్కడ స్పష్టంగా చెబుతాడు. ఐదేళ్ల తరువాత, 1984లో, నాలుగో పుస్తకం తెరిస్తే అదే ముందుమాట దాదాపు అవే మాటలతో మళ్లీ కనిపిస్తుంది, చివరి వాక్యం మాత్రం మారుతుంది: ఇది ఆమె కథ. ఆ ఒక్క మార్పు చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆ రెండు పేజీలనూ వేలితో వరుస వెంట వరుస పోల్చి చూశాను. ఐదేళ్లు దాటి రచయిత ఒక మాట నిలబెట్టుకున్నాడు. మళ్లీ ఎలాగో నిలిచివున్న భూమి మీద ఆర్థర్ ఆమెను కలుస్తాడు, ఇద్దరూ ప్రేమలో పడతారు, లండన్ ఇళ్ల మీదుగా మేఘాల్లోకి ఎగురుతారు.

ఐదవ పుస్తకంలో ఆమె లేదు. అంతరిక్ష యాత్రలో ఆర్థర్ పక్కన కూర్చున్న మనిషి, నౌక ఒక్క గెంతులో ఎంతో దూరం దాటుతుండగా, ఈ క్షణం ఉంది మరుక్షణం లేదు. ఆ సంగతి కూడా మన కళ్లముందు జరగదు, జరిగిపోయిన విషయంగా కొద్ది వాక్యాల్లో చెప్పి వదిలేశారు. మా కాలనీలో ఆరేడుగురం కలిసి నెలకొక పుస్తకం చదివే అలవాటు ఉంది. ఐదవ భాగం చదివిన నెలలో మా మేనకోడలు కూడా వచ్చింది. భూమి నాశనమైందని ఆమె ఒక్క మాట అనలేదు. “భూమి పోతుందని మొదటి పుస్తకంలోనే తెలుసు మావయ్యా, దానికి నాకేం బాధ లేదు. కానీ ఇది ఆమె కథ అని పిలిచి పీట వేసి కూర్చోబెట్టి, తరువాతి పుస్తకంలో కనీసం వెళ్లొస్తానని చెప్పే అవకాశం కూడా ఇవ్వకుండా పంపించేస్తే ఎలా?” అంది. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లం ఎవరమూ సమాధానం చెప్పలేకపోయాం. ప్రాణం తీయడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. మొదటిది రచయిత హక్కు. రెండవదాన్ని పాఠకుడు తప్పకుండా నిలదీయవచ్చు.

అయితే ఇక్కడ మనవైపు కూడా ఒక లెక్క ఉంది. నాలుగో పుస్తకం వచ్చినప్పుడు పాఠకుల నుంచి వినబడిన గొణుగుడు ఐదవదాని మీద వచ్చినదానికి సరిగ్గా తలకిందులు. ఇది సైన్స్ ఫిక్షన్ కాదు, ప్రేమకథ అన్నారు. అంతరిక్షం లేదు, భూమి మీదే తిరుగుతోంది అన్నారు. రెండు తలల జాఫోడ్ ఏడీ అన్నారు. ఆ గొణుగుడు వస్తుందని ఆడమ్స్‌కు ముందే తెలుసు. అందుకే నాలుగో పుస్తకం మధ్యలోనే, ఆర్థర్ సొంత జీవితం సంగతులు తెలుసుకోవాలనుకునేవారు ముందుకు చదవండి, తక్కినవారు నేరుగా చివరి అధ్యాయానికి వెళ్లండి, అది బాగుంటుంది, అందులో మార్విన్ (ఎప్పుడూ దిగులుగా ఉండే రోబో) ఉన్నాడు అని రాసేశాడు. చాలామందికి అది చమత్కారంగా అనిపించింది, నాకు మాత్రం అక్కడ రచయిత మనసు నొచ్చుకున్నట్టు అనిపిస్తుంది. ఆ పుస్తకం రాయించడానికి పడ్డ పాట్లు కూడా ప్రసిద్ధమే. గడువులు దాటించడంలో ఆడమ్స్‌ది అందె వేసిన చెయ్యి. గడువులంటే తనకు ఇష్టమని, అవి పక్కనుంచి దూసుకుపోయేటప్పుడు చేసే చప్పుడు మరీ ఇష్టమని ఆయనే అన్నారు. చివరికి సంపాదకుడు సోనీ మెహతా ఆయనతో కలిసి ఒక హోటల్లో మకాం వేసి, కొద్ది వారాల్లో పుస్తకం పూర్తి చేయించారు. ఢిల్లీలో పుట్టి లండన్‌లోనూ న్యూయార్కులోనూ ప్రచురణరంగంలో మహామహుడిగా నిలిచిన మెహతా లేకపోతే ఫెన్‌చర్చ్ కథ ఎప్పటికి వచ్చేదో. అంత కష్టపడి ఇచ్చిన ప్రేమకథను మేం అడిగింది ఇది కాదన్నారు. ఎనిమిదేళ్ల తరువాత ప్రేమకథ తీసేసి అంతరిక్షం ఇచ్చాడు, ఆ అమ్మాయి ఏదీ అన్నారు. నాలుగో భాగం మీద వచ్చిన విసుగే ఆమెను పక్కకు నెట్టిందేమోనని నా అనుమానం. ఇది నా ఊహ మాత్రమే. వారపత్రికల్లో సీరియల్ చదువుతూ నడిమధ్యలోనే నాయికకు పెళ్లి చేయండి, ఫలానా మామగారిని చంపకండి అని ఉత్తరాలు రాసిన తరం మాది కనుక, అలాంటి ఒత్తిడి కథను ఎటైనా వంచగలదని నాకు అనుభవం మీద తెలుసు.

మన భాషలో దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మూడు భాగాలని ఎంతమందికి తెలుసు? 1924లో వచ్చిన మొదటి భాగంలో మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం రైలు, ఓడ ఎక్కి ఇంగ్లండు చేరేదాకా తెలుగువాళ్లం తరతరాలుగా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తరువాతి భాగాల్లో అతడు చదువుకుంటాడు, బారిస్టరై తిరిగి వస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, దేశం కోసం జరుగుతున్న పోరాటంలోకి వెళ్తాడు. నాకు తెలిసిన పాఠకుల్లో ఎక్కువమంది మొదటి భాగంతోనే ఆగిపోయారు. అడిగితే, తరువాత నవ్వు తగ్గిందండీ అంటారు. తగ్గింది, నిజమే. మొదటిసారి ఓడ ఎక్కినవాడి అమాయకత్వం బారిస్టరయ్యాక ఎలా ఉంటుంది? రెండవ, మూడవ భాగాలు నేను చదివింది నలభై ఏళ్లు దాటిన తరువాత. అంతవరకు పార్వతీశం నాకు ఒక నవ్వులాట మాత్రమే, ఆ తరువాతే ఊళ్లో మనకు బాగా తెలిసిన మనిషయ్యాడు. మీ వ్యాసకర్త చెప్పినట్టు ముందే ఆగిపోయి ఉంటే ఆ మనిషిని నేను కలిసేవాణ్నే కాదు.

తరువాతివాళ్లు ఆడమ్స్ ముగింపును సరిదిద్దడానికి చేసిన రెండు ప్రయత్నాలను కూడా మీ ఉత్తరాల్లో కొందరు ప్రస్తావించారు. 2005లో డర్క్ మాగ్స్ ఐదవ పుస్తకాన్ని రేడియో 4కు నాటకంగా మలిచినప్పుడు చివరికి అందరినీ బతికించి, రెండో పుస్తకంలో కనిపించే, విశ్వం చివరనున్న హోటల్లో ఆర్థర్‌నూ ఫెన్‌చర్చ్‌నూ మళ్లీ కలిపారు. అది విన్నప్పుడు నా కళ్లు చెమ్మగిల్లాయి. భూమిని రక్షించినందుకు కాదు, ఆ అమ్మాయికి రావలసిన మర్యాద దక్కినందుకు. 2009లో, మొదటి పుస్తకానికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంలో, ఆడమ్స్ భార్య అనుమతితో ఐరిష్ రచయిత ఓవెన్ కోల్ఫర్ ఆరవ భాగం రాశారు. ఆ పేరు ‘అండ్ అనదర్ థింగ్’ అన్నది కూడా నాలుగో పుస్తకంలోని ఒక ఉపమానం నుంచే వచ్చింది. వాన వెలిశాక దూరపు కొండల మీద మిగిలిన ఉరుము, వాదంలో ఓడిపోయానని ఒప్పుకున్న ఇరవై నిమిషాల తరువాత ‘ఇంకో సంగతి...’ అని మొదలుపెట్టే మనిషిలా గొణుగుతోందని ఆడమ్స్ రాశాడు. కోల్ఫర్ ప్రేమగా, కష్టపడి రాశారు, ఆ మాట కాదనలేం. కానీ ప్రతి రెండు మూడు పేజీలకు కథ ఆపి గైడ్ (కథలోని పాత్రలు వెంట ఉంచుకునే అంతరిక్ష యాత్రికుల పుస్తకం) నుంచి ఒక ఉల్లేఖన చెప్పడం వల్ల నడక తెగిపోతుంది. ఆడమ్స్ దగ్గర గైడ్ మాటలు కథకు ఊపిరి, ఇక్కడ అవి అలంకారాలయ్యాయి. అది చదివాక ఐదవ పుస్తకంలోని వాక్యాల బిగువు నాకు ఇంకా బాగా అర్థమైంది. ఆర్థర్ లామ్యుయెల్లా అనే పల్లెగ్రహం మీద సాండ్‌విచ్‌లు చేసే మనిషిగా స్థిరపడిన అధ్యాయాన్ని తీసుకోండి. ఏ కత్తి ఏ పనికి, రొట్టె ఎంత మందం ఉండాలి, మాంసం ఎలా కోయాలి అని అతడు పని మీద పెట్టే శ్రద్ధను రచయిత అంతే శ్రద్ధతో వర్ణిస్తాడు. మా వీధి చివర ఇడ్లీ బండి ఆయన ప్లేటు మీద ఆకు పరిచి, చట్నీ అంచు తుడిచి ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో కనబడే నిబ్బరం ఆ పేజీల్లో ఉంది. ఫెన్‌చర్చ్‌తో గడిపిన రోజులు తప్పిస్తే, ఆ వరుస మొత్తంలో ఆర్థర్ సుఖంగా ఉన్న రోజులు అవే. నిరాశ తప్ప ఏమీ లేదని కొట్టిపారేసిన పుస్తకంలోనే అవి ఉన్నాయి. నాలుగో భాగంతో ఆగిపొమ్మని చెప్పడమంటే కొత్త పాఠకుడికి ఆ పేజీలు అందకుండా చేయడమే, అందుకే ఆ సలహాను వ్యాసకర్త మళ్లీ ఆలోచించాలని కోరుతున్నాను.

ఐదవ పుస్తకం నా దగ్గరున్నది కొత్త ప్రతి కాదు. చాలా ఏళ్ల కిందట, ఆదివారం నాడు హైదరాబాద్ ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లో దొరికింది. అట్ట అంచులు నలిగి ఉన్నాయి, వెన్ను మీద తెల్లటి మడతలు పడ్డాయి. చివరి పేజీలో కథ ముగిసిన తరువాత మిగిలిన ఖాళీలో ఎవరో పెన్సిల్‌తో, తెలుగులో, చిన్న అక్షరాలతో రాసి పెట్టారు: ‘ఎందుకిలా చేశావయ్యా?’ ఆ రాసినవారెవరో నాకు తెలియదు. ఒక తెలుగు మనిషి ఒక ఇంగ్లీషు రచయితను ‘అయ్యా’ అని పిలిచి, ఇంటి మనిషిని అడిగినట్టు అడిగాడు. మీ అనుబంధంలో ఆ ఉత్తరాలన్నీ చదివాక ఆ ప్రతిని మళ్లీ తీశాను. ఆ ప్రశ్న కింద, అదే పెన్సిల్ మందంలో, మూడవ పుస్తకంలో ఆగ్రజాగ్ కనిపించే పేజీ నెంబరు రాశాను. దాని పక్కనే ఫెన్‌చర్చ్ పేరు రాసి, ఎదురుగా చోటు ఖాళీగా వదిలేశాను.

భవదీయుడు,
మీ పత్రిక చిరకాల పాఠకుడు,
విజయవాడ